జెపర్డీ డైరీ, నాన్న తీర్పులు

మా ఇంట్లో టీవీలో క్విజ్ వస్తుంటే ఊరికే చూడ్డం అనేది లేదు. స్కోరు వెయ్యాల్సిందే. వేసేది నాన్న. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. చింతపిక్కలాట అయినా సరే, కాగితం పెన్ను ఆయన దగ్గరికే వెళ్ళేవి. ఆయన తీర్పు చెప్పాక అప్పీలు ఉండేది కాదు.

1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' మొదలైనప్పుడు మేం తెనాలిలో ఉండేవాళ్ళం. బ్లాక్ అండ్ వైట్ టీవీ, మేడ మీద గాలికి తిరిగిపోయే యాంటెన్నా. కాలేజీ పిల్లలు జట్లుగా కూర్చునేవారు. ఒక జట్టుకి జవాబు రాకపోతే ప్రశ్న పక్క జట్టుకి 'పాస్' అయ్యేది. ఆ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు గానీ పాస్, బోనస్, బజర్, ర్యాపిడ్ ఫైర్ మాత్రం నాలిక మీదకి ఎక్కేశాయి. అన్నం దగ్గర అమ్మ కాకరకాయ కూర వడ్డించబోతే తమ్ముడు "పాస్" అనేవాడు. నాన్న పెట్టిన రూలు ఇది: జట్టువాళ్ళు నోరు తెరవకముందే చెబితే పది మార్కులు, పాస్ అయ్యాక చెబితే అయిదు. బసు గారు జవాబు చెప్పేశాక "నాకూ తెలుసు" అంటే సున్నా, దాంతోపాటు కళ్ళజోడు మీంచి ఓ చూపు.

2000 జులై 3న స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలయ్యాక దేశమంతా అమితాబ్ గొంతుతో మాట్లాడ్డం మొదలెట్టింది. కూరగాయల బండివాడు కూడా వంకాయలు తూచి "లాక్ కియా జాయ్?" అనేవాడు. లైఫ్‌లైను, ఫిఫ్టీ ఫిఫ్టీ, ఫోన్ ఎ ఫ్రెండ్ ఎవరూ నేర్పకుండానే అమ్మకి వచ్చేశాయి. పక్కింటి కుర్రాడు రోజూ ఆ షో నంబరుకి ఫోన్లు కొడుతూ, ఎందుకైనా మంచిదని మా నాన్నని తన ఫోన్ ఎ ఫ్రెండ్‌గా ముందే ఖాయం చేసుకున్నాడు. వాడికి లైను కలవలేదు. నాన్న మాత్రం కొన్నాళ్ళు రాత్రి తొమ్మిదయ్యేసరికి ల్యాండ్‌లైను పక్కన కుర్చీ వేసుకునేవారు. షో ముందే రికార్డు చేస్తారు నాన్నా అని చెప్పినా వినలేదు.

అంత ఇష్టం ఉన్నా స్కోరు దగ్గర ఆయనకి ఆ షో రుచించలేదు. "నాలుగిచ్చి ఒకటి గుర్తుపెట్టమంటే అది బిట్ పేపరు" అనేవారు. అందుకని ఇంటి రూలు మారింది. ఆప్షన్లు తెర మీద పడకముందు చెబితే పూర్తి డబ్బు, పడ్డాక చెబితే సగం. ఆ లెక్కన అమ్మ ఒకసారి పురాణాల ప్రశ్న పుణ్యమా అని 3,20,000 మెట్టు దాకా వెళ్ళింది. అప్పట్లో అది రెండో భద్రమైన మెట్టు, అక్కడికి చేరితే ఆ పైన తప్పినా ఆ డబ్బు చేతిలో ఉంటుంది. "నా డబ్బు ఏదండీ?" అని ఆవిడ నెలరోజులు అడిగింది.

అసలు కథ దీని తర్వాతది. పెళ్ళయి నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వెళ్ళాను. అక్కడ సాయంత్రం ఏడింటికి ఛానల్ 7లో 'జెపర్డీ' అనే క్విజ్ షో వచ్చేది. 1964లో మెర్వ్ గ్రిఫిన్ పుట్టించిన ఆట అది. మేం చూసింది 1984 నుంచి అలెక్స్ ట్రెబెక్ నడిపినది. బోర్డు మీద ఆరు కాలమ్‌లు (ఒక్కోటి ఒక క్యాటగిరీ), అయిదు వరసలు, రౌండుకి ముప్ఫై గళ్ళు. మొదటి రౌండులో 200 నుంచి 1,000 డాలర్ల దాకా, రెండో రౌండులో అన్నీ రెట్టింపు. చివర్న ఫైనల్ ఒక్కటే ప్రశ్న, దానికి ఆటగాళ్ళు తమ డబ్బులోంచి పందెం కాస్తారు. తెర మీద ఆధారం ఇస్తారు, ఆటగాడు "వాట్ ఈజ్", "హూ ఈజ్" అంటూ జవాబుని ప్రశ్నలా చెప్పాలి.

నేనూ మావారూ సోఫాలో కూర్చుని అరిచేవాళ్ళమే తప్ప లెక్కాపత్రం ఉండేది కాదు. లెక్క నేర్పింది ఆఫీసులో నా పక్క క్యూబులో ఉండే ఒక పెద్దావిడ. పొద్దున్నే కాఫీ మెషీను దగ్గర గుడ్ మార్నింగ్‌కి బదులు "నిన్న నీ కోరియట్ ఎంత?" అని అడిగేది. నాకు అర్థం కాక నవ్వేసేదాన్ని. తర్వాత చెప్పింది. 1996లో రెండు ఆటలు గెలిచిన కార్ల్ కోరియట్ అనే ఆయన ఇంట్లో తన తయారీని కొలుచుకోడానికి పెట్టుకున్న పద్ధతి అది, ఆయన పేరే దానికి పడింది. సరైన జవాబుకి గడి మీద ఉన్న విలువ కలపాలి, తప్పుకి తీసెయ్యాలి, తెలియక ఊరుకుంటే ఏమీ లేదు. డైలీ డబుల్ అని కొన్ని గళ్ళలో దాచిపెట్టే పందెం ప్రశ్న ఉంటుంది, దాని దగ్గర ఆటగాళ్ళు ఎంత పందెం కాసినా మనకి గడి విలువే. అక్కడ నోరు తెరవక తప్పదు కాబట్టి తప్పయితే కోత లేదు. ఫైనల్ లెక్కలోకే రాదు. పందెం వల్ల వచ్చిన డబ్బు, పోయిన డబ్బు పక్కన పెట్టేస్తే మిగిలేది నీకు ఎంత తెలుసన్నదే అని ఆవిడ అనేది. 2001 నవంబరులో షో వాళ్ళు గళ్ళ విలువలు రెట్టింపు చేశారు. దాంతో తన పాత నోటు పుస్తకాల్లో అంకెలన్నిటినీ రెండుతో గుణించి మళ్ళీ రాసుకున్న మనిషి ఆవిడ.

2004 జూన్ మొదట్లో అమ్మా నాన్నా ఆరు నెలలకి మా దగ్గరికి వచ్చారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రుల అవస్థ తెలిసిందే కదా. పగలంతా ఇంట్లో ఇద్దరే. రోడ్డు మీద మనిషి కనపడడు, పేపరు తెలుగులో రాదు, కారు లేకుండా పాల ప్యాకెట్టు కూడా రాదు. మొదటి వారంలోనే నాన్న కిటికీ దగ్గర నిలబడి స్కూలు బస్సులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది చూసి నాకు గుండె జారింది. ఆ సాయంత్రమే జెపర్డీ పెట్టి కోరియట్ లెక్క చెప్పాను. ఆయన మొత్తం విని, రెండు నిమిషాలు వేళ్ళ మీద ఏదో వేసుకుని, "అయితే ఎంత పండితుడికైనా 54,000 మించదన్నమాట" అన్నారు. ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఊరి నుంచి తెచ్చుకున్న ఎల్ఐసీ డైరీ బల్ల మీద ఉంది. ఎదురెదురు పేజీల్లో స్కేలు పెట్టి గీసిన గళ్ళు. ఎడమ పేజీ మొదటి రౌండు, కుడి పేజీ రెండో రౌండు. ఒక్కో గడిలో మళ్ళీ మూడు చిన్న అరలు: 'నే' అంటే తను, 'అ' అంటే అమ్మాయి, 'బా' అంటే బాబు, అంటే మావారు. సరైనదానికి నీలం టిక్కు, తప్పుకి ఎర్ర గీత. డైలీ డబుల్ గడి చుట్టూ సున్నా. టైము చాలక షోలో తెరవకుండా వదిలేసిన గళ్ళలో 'తె.లే.' అని రాసేవారు, తెరవలేదు అని. నీలం, ఎరుపు రెండూ ఉన్న పెన్ను ఒకటి దీనికోసమే కొనిపించుకున్నారు. ముగ్గురు ఆటగాళ్ళకీ రాని ప్రశ్నని అక్కడివాళ్ళు 'ట్రిపుల్ స్టంపర్' అంటారు. నాన్న డైరీలో అది 'మూ.సు.', ముగ్గురికీ సున్నా. ఆ ముగ్గురికీ రానిది ఇంట్లో కూర్చున్న మనకి వస్తే దానికీ వాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు, అందులో 'ట్రాష్' అనే మాట ఉంది. నాన్నకి అది నచ్చలేదు. "చెత్తేమిటమ్మా, కోత కోసి వెళ్ళిపోయాక చేలో పరిగె ఏరుకోవడం ఇది" అన్నారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో అవి పరిగె. పేజీ అడుగున ఎవరి పరిగె వాళ్ళకి విడిగా రాసేవారు. మొత్తం స్కోరు తక్కువైన రోజున కూడా పరిగె ఎక్కువుంటే ఆయన హుషారుగా ఉండేవారు.

తీర్పుల సంగతి చెప్పాలి. టీవీలో ఎవరో ఒకరు నోరు తెరిచేలోపే మనం పైకి చెప్పాలి, మనసులో అనుకున్నది చెల్లదు. "వాట్ ఈజ్" అనడం మర్చిపోతే మొదటి రౌండులో మాఫీ, రెండో రౌండులో తప్పు కిందే లెక్క. అసలు షోలోనూ అంతే. ఈ రూళ్ళన్నీ నాకు తు.చ. తప్పకుండా వర్తించేవి. అల్లుడిగారి దగ్గరికొచ్చేసరికి మాత్రం చట్టం మెత్తబడేది. మావారు ఆటగాడితోపాటే చెప్పినా "బాబు ముందే అన్నారు, నాకు వినపడింది" అని నీలం టిక్కు పెట్టేవారు. తప్పు చెబితే ఎర్ర గీత ఎంత సన్నగా గీసేవారంటే పొద్దున లైటు కింద పెట్టి చూస్తేగానీ కనపడేది కాదు. నేను గొడవ చేస్తే అమ్మ వంటింట్లోంచి "అల్లుడికి మైనస్ వేస్తారా ఎక్కడైనా?" అనేది.

'పోటెంట్ పోటబుల్స్' అని ఒక క్యాటగిరీ తరచూ వచ్చేది. అంటే మద్యం గురించి. మావారికి ఆ కాలమ్‌లో తెలియనిది లేదు, నాకు తెలుసు. కానీ మావయ్యగారి ముందు నోరు పెగిలేది కాదు. అయిదు గళ్ళూ చూస్తూ కూర్చునేవారు, ఫోనులో ఏదో వెతుకుతున్నట్టు నటించేవారు. నాన్న అయిదు గళ్ళలోనూ 'బా' అర ఖాళీగా వదిలేసి ఊరుకునేవారు. ఒక రోజు ఆట మంచి టెన్షన్‌లో ఉండగా మావారి నోటి నుంచి "వాట్ ఈజ్ వర్మూత్" అని జారిపోయింది. సోఫా మీద ఎవరూ కదల్లేదు. నాన్న నిదానంగా టిక్కు పెట్టి, 800 కలిపి, "స్పెల్లింగు చెప్పండి బాబూ, రాసుకుంటాను" అన్నారు. ఆ తర్వాత ఆ క్యాటగిరీలో మావారి స్కోరుని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు.

అమ్మది ఏడున్నరకి వచ్చే 'వీల్ ఆఫ్ ఫార్చూన్' పార్టీ. జెపర్డీ ఆవిడకి దానికి ముందొచ్చే ఆలస్యం. అయితే ఒకసారి సుగంధ ద్రవ్యాల బొమ్మలు చూపించే ప్రశ్నల్లో, మేం ముగ్గురం వెర్రిమొహాలు వేసుకుని చూస్తుంటే, గరిటె పట్టుకుని వచ్చి "జాపత్రి" అంది. ఆటగాళ్ళలో ఎవరికీ రాలేదు. అలెక్స్ గారు "మేస్" అన్నారు. ఇది పరిగె అవుతుందా అవదా? నాన్న షోలో అయితే ఒప్పుకోరని వాదించారు. "వస్తువు తెలిసినాక పేరు ఎవరికి కావాలండీ, కొట్లో అడిగితే ఇస్తాడుగా" అని అమ్మ. రాత్రి భోజనాలయ్యాక తీర్పు వచ్చింది: అమ్మకి మాత్రం తెలుగు జవాబు చెల్లుతుంది. ఆ పేజీలో గడి బయట 'అమ్మ, 1,600' అని ఇప్పటికీ ఉంది.

నాన్న స్కోరు మొదట్లో చాలా తక్కువ. ఇంగ్లండు రాజులు, బైబిలు (ఆయన చదివింది మిషన్ స్కూల్లో), నదులు, రాజధానులు వస్తే గళ్ళు నీలంగా నిండేవి. బేస్‌బాలు, పాత టీవీ సీరియళ్ళు, రాష్ట్రాల ముద్దుపేర్లు వస్తే పేజీ బోసిపోయేది. నేను లైబ్రరీ నుంచి ఒక ఆల్మనాక్ తెచ్చిచ్చాను. అంతే, పగళ్ళకి పని దొరికింది, అమెరికా రాష్ట్రాల రాజధానులు బట్టీ పట్టడం. మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే వెనక అమ్మ "సౌత్ డకోటా?" అని అడగడం, ఈయన "పీర్" అనడం, "వెర్మాంట్?", "మాంట్‌పీలియర్" వినపడేవి. అధ్యక్షుల్ని వరసలో, వెనక నుంచి ముందుకీ అప్పజెప్పేవారు. క్యూబు పెద్దావిడ 'పావ్‌లోవ్' అనే కిటుకు చెప్పింది. కొన్ని మాటలు వినపడగానే జవాబు ఆలోచించకుండా వచ్చెయ్యాలి: ఫిన్లండ్ సంగీతకారుడంటే సిబీలియస్, నార్వే నాటకకర్త అంటే ఇబ్సెన్. గంట మోగితే కుక్కకి నోరూరినట్టు అనే ప్రయోగం పేరే అది. "మనల్ని కుక్కతో పోల్చారేమిటి" అని నాన్న కాసేపు నొచ్చుకుని, డైరీ వెనక అట్ట లోపల ఆ జాబితా మొదలుపెట్టేశారు.

ఆయనకి కోపం తెప్పించింది 'ఫారెస్ట్ బౌన్స్' ఒక్కటే. 1985లో ఆడిన చక్ ఫారెస్ట్ పేరు మీద వచ్చింది. కాలమ్‌ని పైనుంచి కిందికి వరసగా తియ్యకుండా, ఎదుటివాళ్ళు తికమకపడాలని బోర్డంతా గెంతుతూ గళ్ళు అడగడం. దానికి ఎదుటి ఆటగాళ్ళకన్నా ఎక్కువ తికమకపడింది ఎడిసన్‌లో స్కోరు వేసే మాస్టారు. పెన్ను పట్టుకుని ఏ గడో వెతుక్కునేలోపు తర్వాతి ప్రశ్న వచ్చేసేది. "వరస లేని చదువు" అని విసుక్కునేవారు.

హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఈ గొడవంతా ఫోనులో చెబితే వాడి భాష ఇంకోటి. అక్కడ 1972 నుంచీ నడుస్తున్న కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బుకి వాడు వెళ్ళేవాడు. వంతు రాకముందే జట్టు రాసిచ్చే జవాబు 'పౌన్స్', జట్టు నుంచి జట్టుకి ప్రశ్న తిరుగుతూనే ఉంటే 'ఇన్ఫినిట్ బౌన్స్', బుర్ర పెడితే జవాబు తీయగలిగే ప్రశ్న అయితే 'వర్కవుటబుల్'. "అది వర్కవుటబుల్ కాదు నాన్నా, ఒట్టి జ్ఞాపకశక్తి" అని వాడు జెపర్డీని తీసిపారేస్తే, నాన్న "ముందు బజర్ నొక్కి చూడరా" అనేవారు. నిజమే, బజర్ దగ్గరే అసలు కష్టం. ప్రశ్న చదవడం పూర్తయి బోర్డు పక్కన లైట్లు వెలిగాకే నొక్కాలి. తొందరపడితే పావు సెకను నొక్కు పనిచెయ్యదు, ఈలోపు ఇంకొకరు పట్టుకుపోతారు. మన సోఫాలో పోటీకి ఎవరూ లేరు కనక కోరియట్ కాస్త ఉబ్బినట్టే కనపడుతుంది.

మేం చూసిన ఆ ఆరు నెలలూ కెన్ జెన్నింగ్స్‌వి. జూన్ 2న మొదలుపెట్టి గెలుస్తూనే ఉన్నాడు. నాన్న అతన్ని "మన యూటా కుర్రాడు" అనేవారు, ఎందుకు మనవాడయ్యాడో తెలీదు. జులై చివర్లో సీజన్ అయిపోయి సెప్టెంబరు దాకా పాత ఎపిసోడ్లు వేశారు. నాన్న చూడనివి, మేం చూసినవి. "మీ ఇద్దరి స్కోరూ చెల్లదు" అని మా అరలు కొట్టేసి ఒక్కరే ఆడుకున్నారు. రెండో స్థానం వాళ్ళ డబ్బుకి రెట్టింపు దాటి ముందుంటే ఫైనల్‌లో ఏం జరిగినా ఓడరు, దాన్ని 'లాక్' అంటారు. జెన్నింగ్స్ ఆటలో ఫైనల్ ముందు ప్రకటనలు రాగానే నాన్న లెక్క కట్టి "తాళం పడింది" అని డైరీ మూసేవారు.

నవంబరు 30న తాళం పడలేదు. రెండో రౌండులో రెండు డైలీ డబుల్సూ జెన్నింగ్స్ పోగొట్టుకున్నాడు. అతనికి 14,400, ఎదుటి ఆటగత్తె నాన్సీ జెర్గ్‌కి 10,000. అమ్మ సర్దుతున్న సూట్‌కేసులు హాలంతా పరుచుకుని ఉన్నాయి, వాళ్ళ ప్రయాణం ఆ వారంలోనే. ఫైనల్ ప్రశ్న పడింది: ఈ సంస్థలో సీజన్‌కి చేరే 70,000 మంది ఆఫీసు ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు. నాన్న పోస్టాఫీసు అన్నారు, నేను ఏదో బొమ్మల కంపెనీ అన్నాను. మావారు లేచి నిలబడి "హెచ్ అండ్ ఆర్ బ్లాక్! ట్యాక్సులు!" అని అరిచారు. జనం ట్యాక్సు లెక్కలు కట్టిపెట్టే కంపెనీ అది. ఆ లెక్కలకి ఆఖరి రోజైన ఏప్రిల్ 15 అంటే ఏటా గుండెలు బాదుకునే మనిషికి రాక ఇంకెవరికి వస్తుంది. జెర్గ్ అదే రాసింది. పందెం 4,401, అంటే జెన్నింగ్స్ డబ్బుకన్నా సరిగ్గా ఒక్క డాలరు ఎక్కువయ్యేలా. జెన్నింగ్స్ ఫెడెక్స్ అని రాశాడు. 74 ఆటల తర్వాత 8,799తో దిగిపోయాడు.

మావారు ఇంకా నిలబడే ఉన్నారు. "మావయ్యగారూ, జెన్నింగ్స్‌కి రానిది నాకొచ్చింది, ఎంత వేస్తారు?" అన్నారు. ఆరు నెలలుగా సన్నగీతలు గీసిన చెయ్యి ఈసారి కదల్లేదు. "ఫైనల్ లెక్కలోకి రాదు బాబూ" అన్నారు నాన్న. "పరిగె అయినా వెయ్యండి" అంటే, "ఆవిడకి వచ్చిందిగా, అది పరిగె ఎలా అవుతుంది?" అని డైరీ మూసి హ్యాండు బ్యాగులో పెట్టుకున్నారు.

తెనాలి వెళ్ళాక ఆయనకి జెపర్డీ దొరకలేదు. 2014లో మా టీవీలో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చినప్పుడు పాత బిట్ పేపరు రూలు మళ్ళీ బయటికి తీశారు. ఆప్షన్లకి ముందు పూర్తి, తర్వాత సగం. 2020 నవంబరులో ట్రెబెక్ పోయారని నేను చెప్పక ముందే పేపర్లో చూసి ఫోన్ చేశారు. ఆ మాటా ఈ మాటా చెప్పి, 2019లో ఒక కుర్రాడు ఫైనల్‌లో జవాబు బదులు "వి లవ్ యూ అలెక్స్" అని రాశాడని నేనెప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుని, "ఆ అబ్బాయికి ఎంత పోయింది?" అని అడిగారు. 1,995 డాలర్లు నాన్నా, అయిదు మిగిలాయి అన్నాను. "పోనీలే, మంచి పని చేశాడు" అన్నారు.

తర్వాతి జనవరిలో జెన్నింగ్స్ హోస్టుగా కనపడ్డాడని చెబితే మాత్రం చాలాసేపు నవ్వారు. "ఆ ట్యాక్సుల ప్రశ్న తప్పినా ఉద్యోగం మంచిదే వచ్చింది కుర్రాడికి" అన్నారు. మావారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ, "మావయ్యగారూ, కనీసం ఇప్పుడైనా ఆ రోజుది వేస్తారా?" అన్నారు. అటువైపు బీరువా తలుపు చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడ్డాయి.

"నవంబరు 30, బాబు, 11,200," అని చదివారు నాన్న. "వర్మూత్ లాంటివి చాలానే వేశానండీ మీకు. అది మాత్రం కుదరదు."